దిగబోయి లేచిన విమానం

ఫిబ్రవరి 9, ఆదివారం. కరీంనగర్

ఇల్లు చేరాం. చేర్చింది ఆ పైలట్ కాదు, నిన్న సాయంత్రం జూబ్లీ బస్టాండులో ఎక్కిన మన బస్సు.

డిపో పింఛనుదారులం, ఆడవాళ్లతో కలిపి ఇరవై ఇద్దరం. అజ్మీర్ దర్గా చూసి, పుష్కర్‌లో మునగాల్సినవాళ్లు మునిగి, జైపూర్‌లో విమానం ఎక్కాం. సగం మందికి అదే మొదటి విమాన యాత్ర. మధ్యాహ్నం మూడు దాటాక హైదరాబాద్ దగ్గర కిందికి వచ్చింది. ఎంత కిందికంటే, రోడ్డు మీద లారీకి కప్పిన టార్పాలిన్ నీలం రంగని కూడా తెలిసింది. ఇంకేముంది, దిగిపోయాం అనుకుంటాం కదా. అప్పుడా మహానుభావుడు ముక్కు పైకెత్తి, ఇంజిన్లు గర్జించేలా తొక్కి, మళ్లీ ఆకాశంలోకి తీసుకుపోయాడు. ఇరవై నిమిషాలు గద్ద తిరిగినట్టు తిరిగి రెండోసారి దించాడు.

ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేశాను. ఏ డ్రైవరైనా బస్సును బస్టాండు గేటు దాకా తెచ్చి, ఈసారికి కాదు, వేములవాడ దాకా పోయి వస్తానన్నాడా? అంటే జనం ఊరుకుంటారా? ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. ఈయన మైకులో ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. నాకు అర్థమైంది ఒక్క 'సారీ' మాత్రమే.

నా జోడీ డ్రైవరు హనుమండ్లు భార్య పోశవ్వ, "అంజన్నా, గీ గండం గడిస్తె నీ కొండగట్టుకు నడిసొస్త" అని పెద్దగా మొక్కింది. ఆమె మోకాళ్లకు వాళ్లింటి మూడు మెట్లే ఎక్కువ. ఆ మొక్కు ఇప్పుడు పైలట్ తీరుస్తాడా?

దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ పిల్లను నాలుగు మాటలన్నాను. ఛాతీ మీద రోజారాణి అని పేరుంది. "సార్, నేను కూసోండ్రని మొత్తుకున్న గద" అంది. మన యాసే. మనూరి పిల్ల అయితే ఏం, గాల్లో ఎగిరేసరికి పెద్దంతరం చిన్నంతరం మరిచినట్టుంది. పేరు రాసుకున్నాను.


ఫిబ్రవరి 10, సోమవారం

ఫిర్యాదు పంపాను. నూరీన్ టైపు చేసింది. నా కూతురు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది గానీ, తండ్రి చెప్పింది చెప్పినట్టు టైపు చేయడం మాత్రం రాదు. వాక్యానికో ప్రశ్న.

"అబ్బూ, సీట్లకెల్లి ఎవరన్న లేసిన్రా?"

"కొందరు లేసిన్రు. దిగిందనుకున్నరు."

"దిగకముందే ఎట్లనుకున్నరు?"

"నువ్వు టైపు జెయ్యి."

పైలట్‌కు దించడం చేతకాలేదని రాయించాను. రోజారాణి అనే ఉద్యోగిని ప్రయాణికులను కూర్చోమని హెచ్చరించలేదని, హెచ్చరించి ఉంటే ఎవరికీ వినబడలేదని, పైగా వయసులో పెద్దవాళ్లతో దురుసుగా మాట్లాడిందని రాయించాను. కింద షేక్ అజీముద్దీన్, విశ్రాంత కండక్టరు, బృంద నాయకుడు. 'బృంద నాయకుడు' తీసేద్దామంది. ఉంచమన్నాను.

మా డిపో వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. గంటలో నలభై బొటనవేళ్లు లేచాయి.

రంజాన్‌లో నేనూ ఖుద్సియా మక్కాకు, ఉమ్రా యాత్రకు పోవాలి. అదీ ఈ కంపెనీ విమానమే. "వాళ్ల మీద కాయితం రాసి, మళ్ల వాళ్ల విమానమే ఎక్కుతరా జీ?" అని అడిగింది మా ఆవిడ. సిగ్గుపడాల్సింది వాళ్లు, నేనెందుకు పడాలి అన్నాను. ఆమె బట్టలు మడతపెట్టుకోవడంలో పడింది.


ఫిబ్రవరి 11

ఖుద్సియా మాట్లాడడం లేదు. మంచిదే. ఇంట్లో ఒక హారన్ తగ్గింది.


ఫిబ్రవరి 12, బుధవారం

గ్రూపులో అందరూ నన్ను మెచ్చుకున్నారు, హనుమండ్లు తప్ప. బస్టాండు ముందు చాయ్ దగ్గర పట్టుకుని అడిగాను, ఏందిరా నీ మౌనవ్రతం అని.

"దిగరానప్పుడు దిగకపోవుడు గుడ డ్రైవింగే, అజీం భాయ్" అన్నాడు.

ఇక మొదలు. ముందు ఇంకో విమానం దారి మీదే ఉండొచ్చట. గాలి మళ్లొచ్చట. మంచు కమ్మొచ్చట. రావాల్సినదానికంటే ఎత్తులోనో, జోరుగానో వచ్చి ఉండొచ్చట. "దేనికైన సరే, మనసుల అనుమానమొస్తె దింపరు. మళ్ల లేపి, సుట్టు తిరిగి, మంచిగ జూస్కొని దింపుతరు. గట్లనే నేర్పుతరంట. గది తప్పు గాదు, సిగ్గు గాదు."

"నీకెవడు జెప్పిండు?"

"మీరంత గా పిల్ల మీద ఒర్రుతుంటె, నేను ఆగి పైలట్‌నే అడిగిన."

"మరి మనకే గాలి మళ్లింది?"

హనుమండ్లు చాయ్ ఊదుకున్నాడు. "గాలి కాదు. లోపల పబ్లిక్ నిలవడ్డది. గట్ల చక్రాలు నేల తాకితె, బ్రేకు గుద్దుడుకు ముసలోళ్ల బొక్కలిరుగుతయి. నాది ముంగటి సీటు. గా పిల్ల నాకెదురుగ మడత కుర్సిల బెల్టు పెట్టుకోని ఉండె. రెండుసార్లు మొత్తుకున్నది. ఎవ్వరు కూసోలే. అటెన్క ఫోనెత్తి పైలట్‌కు జెప్పింది. నీ లెక్క గంట గొట్టింది, డ్రైవరు ఇన్నడు. గంతె."

డ్రైవరు డ్రైవరును వెనకేసుకు రాక ఏం చేస్తాడు. ఇరవై రెండేళ్లు నేను గంట కొడితే కదిలి, గంట కొడితే ఆగినవాడు, ఇవాళ నాకు గంట సంగతి చెబుతున్నాడు. చాయ్ సగంలో వదిలి వచ్చాను. వాడు కూడా నన్ను ఆపలేదు.


ఫిబ్రవరి 14, శుక్రవారం

విమాన కంపెనీ నుంచి ఫోన్. ఎవరో మేడం, తెలుగు బాగానే మాట్లాడింది. నా ఫిర్యాదును తీవ్రంగా తీసుకున్నారట. విచారణ అయ్యేదాకా రోజారాణిని డ్యూటీలోంచి తప్పించారట. ఇంకా ఉద్యోగం ఖాయం కాని పిల్ల కాబట్టి, తప్పు తేలితే తీసేస్తారట. చూశావా, కాగితం విలువ. ఈ దేశంలో గట్టిగా రాసేవాడుండాలి గానీ పనులు జరుగుతాయి.

అయితే ఆ పిల్ల కూడా ఒక కాగితం రాసిందట. 14సి సీటులో ఉన్న పెద్దమనిషి లేచి నిలబడి గట్టిగా పిలిచాడని, ఆ పిలుపు విని పందొమ్మిది మంది లేచారని.

"అట్లాంటిది ఏమైనా జరిగిందా సార్?"

లేదన్నాను. గట్టిగానే అన్నాను.

14సి ఎవరిదో నాకు గుర్తు లేదు. ఆ కాగితాలన్నీ ఖుద్సియా దగ్గరున్నాయి. ఆమెను అడిగే పరిస్థితి లేదు. ఈ డైరీ తెలుగులో రాయడం ఎంత మంచిదయింది, ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు.


ఫిబ్రవరి 15, శనివారం

పొద్దున పదింటికి ఒకాయన వచ్చాడు. పల్చటి మనిషి, భుజాన సంచి, చొక్కా మీద దూది పోగులు. సిరిసిల్ల నుంచి వచ్చానన్నాడు. పేరు బాలమల్లు, సాంచలు నడుపుతాడు. అంటే మరమగ్గాలు, అవీ షావుకారువి, ఇతనిది కూలి. మగ్గాల మోతలో బతికినవాళ్లందరిలాగే గట్టిగా మాట్లాడుతూ, మనం మాట్లాడేటప్పుడు మన పెదవుల వంక చూస్తాడు.

"రోజ నా బిడ్డ" అన్నాడు.

కూర్చోమన్నాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఖుద్సియా చాయ్ తెచ్చి, మళ్లీ లోపలికి పోకుండా గడపలోనే నిలబడింది.

"సారు, బతిలాడనీకి రాలే. అడగనీకి వచ్చిన. నా బిడ్డ కూసోండ్రని జెప్పలేదా?"

"కాయితంల రాసిందే నిజం."

"మంచిది. గని బిడ్డ ఏమంటదంటె, ఎవరో పెద్దమనిషి నిలవడి కరీంనగర్, కరీంనగర్ అని పిలిసిండట. నాకు నవ్వొచ్చింది సారు. గా గొంతు నాకెర్కే. మీ సిరిసిల్ల బండ్ల పన్నెండేండ్లు తిరిగిన. ఎంత నిద్రల ఉన్నా మీరు పిలిస్తె లేసి దిగేటోన్ని. గా ఇమానంల నేనుంటె నేను గుడ లేస్తుంటి."

"ఎవరు పిలవలే" అన్నాను.

కాసేపు నా నోటి వంకే చూశాడు. "సరే సారు. మీరంటె సరే" అని లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు. చాయ్ ముట్టలేదు.

నాలుగు తిట్టి ఉంటే నేను ఎనిమిది తిట్టి ఉండేవాణ్ని. ఆ మనిషికి పోట్లాడడం కూడా చేతకాదు. అలాంటివాడికి అలాంటి బిడ్డ.

ఖుద్సియా ఆ కప్పును సాయంత్రం దాకా తియ్యలేదు.


ఫిబ్రవరి 16, ఆదివారం

మా వాళ్లతో ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాను. 'విమానంలో ఎవరూ లేచి పిలవలేదు, మాకు ఎవరూ కూర్చోమని చెప్పలేదు' అని. నూరీన్ టైపు చేయనంది. చేయకపోతే పోయింది, నాకు చేతిరాత లేదా. ఇల్లిల్లూ తిరిగాను.

ఇంత తేలికవుతుందనుకోలేదు. అంతయ్య కళ్లజోడు కూడా పెట్టుకోలేదు, "యాడ పెట్టాల్నో సూపెట్టు" అన్నాడు. అనసూర్య పొయ్యి మీద కూర దించకుండానే ఎడమచేత్తో చూపిన చోట గీసింది. ఏం రాసి ఉందో ఒక్కరైనా అడిగితే ఒట్టు. గొర్రెల మంద. ముందు గొర్రె బావిలో పడితే వెనక వరస మొత్తం పడుతుంది.

హనుమండ్లు కాగితం చదివి తిరిగి ఇచ్చాడు. "నేను ఆనాడు లేవలే. ఈనాడు సంతకం గుడ పెట్ట."

పోశవ్వ మాత్రం మొగుడి చేతిలోంచి కాగితం లాక్కుని పెట్టింది. పెడుతూ అన్నది ఇదీ: "నువ్వు లెవ్వంటె లేసినం. పెట్టంటె పెడుతున్నం. మాకేమెర్క అన్నా?"

ఆమె ఎగతాళి చేయలేదు. పాపం, నిజంగానే అంది. అదే నాకు అరగడం లేదు.


ఫిబ్రవరి 17, సోమవారం

సరే. రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

14సి నాదే.

కునుకు పట్టింది. ఇంజిను శబ్దం తగ్గింది, బండి ఒక పక్కకు ఒరిగి మళ్లింది, కిటికీలో ఇళ్లు పెద్దవయ్యాయి. అలా తగ్గి, అలా మళ్లితే బస్టాండు వచ్చినట్టే. ముప్పై ఒక్క ఏళ్లు నా ఒళ్లు నేర్చుకున్నది అది. బెల్టు ఎప్పుడు తీశానో తెలియదు. లేచి, తల మీద సామాను అరను కడ్డీలా పట్టుకుని, "కరీంనగర్, కరీంనగర్! దిగేటోళ్లు లేవుండ్రి, సామాన్లు జూస్కోండ్రి!" అన్నాను.

హైదరాబాదులో దిగుతున్న విమానంలో కరీంనగర్. ఎంత వెధవ కాకపోతే.

వాళ్లు లేచారు. అంతయ్య, అనసూర్య, పోశవ్వ, మిగతా పదహారుమంది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. సంచులు అందుకుని వరసలో నిలబడ్డారు. ఖుద్సియా నా చొక్కా పట్టి లాగింది. ముందు నుంచి ఆ పిల్ల, "కూసోండ్రి! అందరు కూసోండ్రి!" అని అరిచింది.

ఇక్కడిదాకా ఎవరికైనా చెప్పుకోవచ్చు. నిద్ర మబ్బు, పాత అలవాటు అంటే జనం నవ్వి వదిలేస్తారు. ఇక్కడి నుంచి చెప్పుకోలేనిది.

ఆ పిల్ల అరిచేసరికి నాకు పూర్తిగా మెలకువ వచ్చింది. విమానంలో ఉన్నానని తెలుసు. ఇంకా నేల తాకలేదని కిటికీలో కనబడుతూనే ఉంది. నా ముందు పందొమ్మిది మంది నా మాట మీద నిలబడి ఉన్నారు. రిటైరయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో నేను లెమ్మంటే లేచినవాడు లేడు. ఇంట్లో ఫ్యాను వేయమన్నా రెండుసార్లు చెప్పాలి. నాకు సంతోషమయింది. ఛీ, ఎంత సంతోషమయిందో. ఇంతలో ఇరవై నాలుగేళ్ల పిల్ల నన్ను కూర్చోమంటోంది. నన్ను, బండిలో!

అందుకని మళ్లీ పిలిచాను. రెండోసారి. కావాలని, ఇంకా గట్టిగా.

ఆమె రెండోసారి అరిచింది. తర్వాత ఫోన్ ఎత్తింది. విమానం పైకి లేచింది, నేను ఖుద్సియా ఒళ్లో పడ్డాను, వాళ్లంతా సీట్లలో కూలబడ్డారు. నా అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. విమానం లేచింది గనక కాలేదు. ఆ పిల్ల మొహమాటపడి ఊరుకుని ఉంటే, పోశవ్వ నిన్న సంతకం పెట్టడానికి ఉండేదో లేదో.

పైలట్‌కు చేతకాలేదని రాశాను. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. పనిలో ఉన్న కండక్టరు మీద తప్పుడు కాగితం రాసేవాణ్ని నేను సర్వీసంతా ఎంత అసహ్యించుకున్నానో! ఆ పిల్ల కండక్టరు కాక మరేమిటి?


ఫిబ్రవరి 18

చెబితే వాళ్లు నన్ను విమానం ఎక్కనివ్వరు, ఉమ్రా పోతుంది. ఖుద్సియా సూట్‌కేసు మంచం కింద సర్ది ఉంది. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. రోజంతా త్రాసులో అటూ ఇటూ వేసి చూశాను, ఇదేదో పెద్ద చిక్కు అయినట్టు. సిగ్గులేని మనిషికి ఆలోచన ఎక్కువ.


ఫిబ్రవరి 19, బుధవారం

నేనే ఫోన్ చేశాను. నూరీన్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాను, మాట మార్చకుండా.

14సి నాదే, పిలిచింది నేనే, నా ఫిర్యాదు అబద్ధం, ఆ అమ్మాయి రెండుసార్లు కూర్చోమని అరిచింది అని చెప్పాను. మేడం అంతా రాసుకుంది. తర్వాత మంచి మనసుతోనే అడిగింది, "నిద్రమత్తులో జరిగిందా సార్?" నూరీన్ తల ఊపింది, అవును అను అన్నట్టు.

"మొదటిసారి నిద్రల. రెండోసారి మెలకువల" అన్నాను.

కూతురు నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

మూడు నెలలు వాళ్ల విమానం ఎక్కకూడదని సాయంత్రానికి కాగితం వచ్చింది. రోజారాణిని శనివారం నుంచి డ్యూటీకి పిలుస్తారట. వాట్సాప్ గ్రూపులో కూడా ఉన్నదున్నట్టు పెట్టాను. దీనికి కూడా నలభై బొటనవేళ్లు వచ్చాయి. చదివారో లేదో అల్లాకెరుక.

ఖుద్సియా తొమ్మిది రోజుల తర్వాత నోరు విప్పింది. "నేను మా తమ్మునితోని పోత జీ. ఆడ మీ కోసం దువా చేస్త. చానా అవసరముంది."


ఫిబ్రవరి 20, గురువారం

హనుమండ్లు వెంట రాగా సిరిసిల్ల పోయాను. సందులో అడుగుపెడితేనే చెవులు గింగురుమన్నాయి. బాలమల్లు షెడ్డు బయటికి వచ్చి మమ్మల్ని వేపచెట్టు నీడన కూర్చోబెట్టాడు. ఫోన్ వచ్చిందని, కబురు తెలిసిందని అన్నాడు. కోపం ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

"బిడ్డకు నౌకరి ఫికర్ లేకుండె సారు" అన్నాడు. "గా కాయితంల ఎవరికి ఇనవడలేదని ఉన్నదట. గదే పట్టుకున్నది. నా గొంతు సాలలేదేమో బాపు, గా ముసలోళ్లకు ఏమన్న అయ్యుంటె నా పానం పోవు అంటది. రోజు షెడ్డుల గా మూలకు నిలవడి కూసోండ్రి, కూసోండ్రి అని మొత్తుకుంటది. ఇనవడ్డదా అని నన్నడుగుతది. నా చెవులు సాంచలకే పాయె. నేనేం జెప్పాలె?"

లోపలికి తీసుకుపోయాడు. ఎనిమిది సాంచలు ఆడుతున్నాయి. రోజారాణి మామూలు చుడీదారులో, తెగిన పోగు ముడి వేస్తోంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. బాలమల్లు దూరంగా తన మగ్గం దగ్గరికి పోయాడు. నేను దారంతా కూడబెట్టుకున్న క్షమాపణ మొత్తం ఆ మోతలో ఆమె చెవి దగ్గర అరవాల్సి వచ్చింది. సగం నాకే వినబడలేదు.

ఆమె అంతా అయ్యేదాకా ఆగింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"సార్, నేను కూసోండ్రన్నప్పుడు మీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది బిడ్డా."

"మంచిగ ఇనవడ్డదా? ఎన్కదాక?"

"మంచిగనే ఇనవడ్డది. రెండుసార్లు. అందరికి ఇనవడ్డది, నా మాట ఇని నీ మాట ఇనలే."

మరి ఎందుకు కూర్చోలేదు సార్ అని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెబుదామనే పోయాను. అడగలేదు. తండ్రి వైపు తిరిగింది. మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు ఆ మోతలో చేతులతో మాట్లాడుకుంటారు. ఆమె నన్ను చూపించి, చెవి ముట్టుకుని, రెండు వేళ్లు ఎత్తింది. బాలమల్లు ఆ చివర నుంచి చూసి తల ఊపాడు. ఆ పిల్ల అక్కడే పీట మీద కూలబడి, మొహం చున్నీలో పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని రోజులుగా ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టుకోలేదు. తన గొంతునే తిట్టుకుంది.